‘పక్షివిశేషము’ అంటే ఏ పక్షి? గ్రీకు పిట్టల నిఘంటువు రాసినాయన గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: తెనాలి తెలుగు టీచర్

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతిలో ఒక పద్యం చెబుతుంటే ‘వెన్నెల పులుగు’ అన్న మాట వచ్చింది. చకోరం అని అర్థం చెప్పి ముందుకు వెళ్ళబోయాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "చకోరమంటే ఏ పిట్ట టీచర్? మన ఊళ్ళో ఉంటుందా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను.

ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే ‘పక్షివిశేషము’ అని ఉంది. ఇంకో పిట్ట పేరు వెతికాను. అదీ పక్షివిశేషమే. మర్నాడు తరగతిలో ఉన్నదున్నట్టు అదే చెప్పాను. ముప్ఫై ఎనిమిది మంది ఒక్కసారిగా నవ్వారు. ఆ రోజు నుంచి ఆ తరగతిలో ఎవరికి ఏది తెలియకపోయినా అది ‘విశేషము’ అయిపోయింది. నిన్న మధ్యాహ్న భోజనంలో కూర ఏమిటని అడిగితే "కూరవిశేషము టీచర్" అన్నారు.

మా వారి స్నేహితుడొకరు ఈ కథ విని, గ్రీకు గ్రంథాల్లోని పిట్టలన్నింటికీ ఒకాయన నిఘంటువు రాశాడని, ఆయన అసలు ఉద్యోగం జీవశాస్త్రం చెప్పడమని అన్నారు. పేరు గుర్తు రాలేదట. ఎవరాయన? ప్రాచీన భాష చదివిన మనిషి పిట్టల వెంట ఎందుకు పడ్డాడు? అలాంటి పని మన దగ్గర ఎవరైనా చేశారా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అమ్మా, ఆయన పేరు డార్సీ వెంట్‌వర్త్ థాంప్సన్. నలభై ఏళ్ళకు పైగా ఈ పేరు ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాను. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి. మీ ప్రశ్న చూసి నేను కుర్చీ దగ్గరకు లాక్కోవడం గమనించి మా ఆవిడ "పాపం ఆ టీచరమ్మ" అంది. జవాబు పొడుగు ఎంత ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

1978లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద నాకు ఆయన దొరికాడు. అట్ట ఊడిన ‘ఆన్ గ్రోత్ అండ్ ఫామ్’, అదీ సంక్షిప్త ప్రతి. మధ్యలో తెరిస్తే ఒక చేప బొమ్మ, దాని మీద గళ్ళు గీసి ఉన్నాయి. పక్క బొమ్మలో ఆ గళ్ళను వంచాడు. ముళ్ళ చేప కాస్తా పెద్ద సన్‌ఫిష్ అయి కూర్చుంది. నాలుగు రూపాయలకు కొన్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవార్లూ చదివాను. నాకు అర్థం కాని సంగతి ఒక్కటే. ఇది జంతువుల పుస్తకం, లెక్కలతో నిండి ఉంది, ఇందులో మాటమాటకీ అరిస్టాటిల్ ఎందుకు వస్తున్నాడు?

దానికి జవాబు ఆయన పుట్టుకలోనే ఉంది. 1860 మే 2న ఎడిన్‌బరోలో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. తండ్రి పేరూ అదే, డార్సీ వెంట్‌వర్త్ థాంప్సన్. ఆయన బడిలో గ్రీకు, లాటిన్ చెప్పే పంతులు. తర్వాత ఐర్లండ్‌లోని గాల్వేకు గ్రీకు ప్రొఫెసరుగా వెళ్ళిపోయాడు. పిల్లవాడు మాత్రం ఎడిన్‌బరోలోనే, తల్లి తరఫు తాత జోసెఫ్ గామ్‌జీ ఇంట్లో పెరిగాడు. ఆ తాత పశువైద్యుడు. అంటే తండ్రి నుంచి గ్రీకు, తాత నుంచి జంతువులు. రెండింటినీ ఆయన ఎన్నడూ వేరుచేసి చూసుకోలేదు.

బడిలో ఆయన జట్టులో ఒకడు జె.ఎస్. హాల్డేన్. ఆ హాల్డేన్ కొడుకే తర్వాత మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గరే పనిచేశారు. ఇది మీరడిగిన దానికి సంబంధం లేని ముక్క. మా పాత ఉమ్మడి జిల్లా మీద అభిమానం కొద్దీ చెప్పాను.

ఎడిన్‌బరోలో వైద్యం మొదలుపెట్టి, అది వదిలి కేంబ్రిడ్జి వెళ్ళాడు. అక్కడ ఉండగానే పువ్వులూ పురుగుల మీద హెర్మన్ ముల్లర్ జర్మన్‌లో రాసిన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. 1883లో వచ్చిన ఆ అనువాదానికి ముందుమాట రాసింది ఛార్లెస్ డార్విన్. మరుసటి ఏడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో, డండీలోని కొత్త కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. డండీ తిమింగిలాల వేటకు వెళ్ళే ఓడల రేవు. ఆర్కిటిక్ నుంచి తిరిగొచ్చే నావికులను పట్టుకుని ఎముకలూ చర్మాలూ తెప్పించి కాలేజీలో మ్యూజియం నింపాడు. 1917లో సెయింట్ ఆండ్రూస్‌కు మారాడు. రెండు చోట్లా కలిపి ప్రొఫెసరు కుర్చీలో 64 ఏళ్ళున్నాడు. నేను ముప్ఫై మూడేళ్ళకే అలసిపోయాను.

ఇక మీ నిఘంటువు. 1895లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం నుంచి ‘ఎ గ్లాసరీ ఆఫ్ గ్రీక్ బర్డ్స్’ వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు. మీకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ప్రాచీన గ్రీకు నిఘంటుకారుడు హెసీకియస్ చాలా పిట్టల పేర్లకు అర్థం రాయాల్సిన చోట ‘ఒక రకం పక్షి’ అని రాసి దాటేశాడు. అక్షరాలా పక్షివిశేషము! కాబట్టి మీ తరగతి నవ్విన జబ్బు మన నిఘంటువులదొక్కటే కాదు.

థాంప్సన్ పద్ధతి ఏమిటంటే, ఒక పేరు తీసుకుంటాడు. అది ఎక్కడెక్కడ వచ్చిందో పోగేస్తాడు. నాటకంలో ఏమన్నారు, అరిస్టాటిల్ ఏమన్నాడు, సామెతలో ఏముంది, రంగు ఏమిటి, గూడు ఎక్కడ, ఏ ఋతువులో కనిపిస్తుంది, ఎలా కూస్తుంది. ఇప్పటి గ్రీకు పల్లెల్లో ఆ పేరు ఇంకా బతికి ఉందా, ఉంటే ఏ పిట్టకు వాడుతున్నారు. ఇవన్నీ ఒక చోట పెట్టాక, పోలిక కుదిరితే పిట్ట పేరు చెబుతాడు. కుదరకపోతే తెలియదంటాడు. నాకు ఆయనలో నచ్చింది ఆ రెండో వాక్యమే. హెసీకియస్ తెలియదనీ అనలేదు, తెలుసనీ అనలేదు.

మీ వెన్నెల పులుగునే తీసుకోండి. అరిస్టాటిల్ కౌజుల గురించి చెబుతూ, కొన్ని కొక్కొక్కమంటాయి, కొన్ని సన్నగా కీచుమంటాయి అన్నాడు. ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ ఇంకా ముందుకు వెళ్ళి, ఏథెన్స్ దగ్గర కొరిడాలస్ కొండకు ఊరివైపున్న కౌజుల కూత ‘కక్కబ’ అని, కొండ అవతలి వాటి కూత ‘తిత్తుబ’ అని తేడా చూపాడు. ఇదేదో గ్రీకుల ఊహ అనుకునేరు. అక్కడ నిజంగానే రెండు రకాల కొండ కౌజులున్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, గొంతు వేరు. వాటిలో ఒకటి ఇంగ్లీషులో ‘చుకార్’. చుక్ చుక్ అని కూస్తుంది కాబట్టి ఆ పేరు. అదే మన చకోరం! పడమటి హిమాలయాల నుంచి టర్కీ మీదుగా గ్రీకు దీవుల దాకా ఎండిన రాతి కొండల్లో ఉంటుంది. ఇక ‘తిత్తుబ’ వినగానే మీకు ‘తిత్తిరి’ గుర్తుకు రావాలి. తైత్తిరీయానికి పేరిచ్చిన పిట్ట. కూతే పేరైన పిట్టలు రెండు భాషల్లోనూ ఇలా పలకరించుకుంటాయి.

కాబట్టి మీ విద్యార్థికి జవాబు: చకోరం తెనాలిలో ఉండదు, రాజమండ్రిలోనూ ఉండదు. మన కవుల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. చూడని పిట్టకు ‘వెన్నెల పులుగు’ అని ఇంత చక్కటి తెలుగు పేరు పెట్టుకున్నారు, అది వేరే సంగతి. వెన్నెల తాగుతుందన్నది మాత్రం కొండల్లోని వాళ్ళు కూడా ఎప్పుడూ చూసి ఉండరు.

నాకు గ్రీకు రాదు. ఆల్ఫా, బీటా, థీటాలు లెక్కల మాస్టారి దయ. అయినా స్కాన్ చేసిన ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంటే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటాను.

జవాబు: లీడ్స్ వాన

నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాను. గోదావరి మాస్టారి జవాబు బాగుంది గానీ, ఆయన తన మనిషి తప్పును మర్యాదగా దాటేశారు. ఆ నిఘంటువులో నక్షత్రాల పిచ్చి ఉంది.

గ్రీకులు ఏ రెండు పక్షులకు స్నేహమన్నా, వైరమన్నా థాంప్సన్ వెంటనే ఆకాశం వైపు చూస్తాడు. గద్దకూ హంసకూ యుద్ధమని పాత గ్రంథంలో ఉంటే, అవి గరుడ, హంస నక్షత్రరాశులు కావచ్చంటాడు. అన్నింటికంటే పెద్ద ఉదాహరణ లకుముకి పిట్ట. చలికాలంలో పగలు అన్నింటికంటే చిన్నదైన రోజుకు ముందు ఏడు రోజులు, తర్వాత ఏడు రోజులు సముద్రం కదలకుండా ఉంటుందని, అప్పుడు లకుముకి సముద్రం మీద గూడు కట్టి గుడ్లు పొదుగుతుందని గ్రీకుల కథ. దీనికి మూలం కృత్తికలని, ఆ గుంపులో అన్నింటికంటే మెరిసే తార పేరు కూడా ‘ఆల్సియోనీ’ కాబట్టి ఇది ఆకాశంలో జరిగే సంగతి అయి ఉంటుందని ఆయన వాదం. తర్వాతి పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు.

పిట్టల్ని చూసేవారికి ఇంకా దగ్గరి దారి ఉంది. అక్కడి లకుముకులు చలికాలంలో లోపలి ఏరులు విడిచి సముద్రపు ఒడ్డుకు వస్తాయి. ఎండాకాలంలో కనిపించని పిట్ట చలికాలంలో అలల పక్కన బండ మీద కూర్చుని ఉంటే, ఇక్కడే గూడు పెట్టిందేమో అని పల్లెకారులు అనుకోవడంలో వింత లేదు.

మా ఊరి విశ్వవిద్యాలయంలో ఈ పనిని మళ్ళీ మొదటినుంచి చేసినాయన ఒకరున్నారు. డబ్ల్యూ. జెఫ్రీ ఆర్నాట్. 1968 నుంచి 1991 దాకా ఇక్కడ గ్రీకు ప్రొఫెసరు. మెనాండర్ అనే హాస్య నాటకకర్త రచనలు ఈజిప్టు ఇసుకలో చిరిగిన పాపిరస్ ముక్కలుగా దొరికితే, వాటిని సరిచేసి మూడు సంపుటాలుగా తెచ్చారు. ఆ పనికే జీవితం చాలదు. ఆయన దానితోపాటు జీవితమంతా పిట్టల్ని కూడా చూశారు. 2007లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, ‘బర్డ్స్ ఇన్ ది ఏన్షియంట్ వరల్డ్ ఫ్రమ్ ఎ టు జెడ్’ తెచ్చారు. థాంప్సన్ తర్వాత పక్షిశాస్త్రం ఎంతో ముందుకు వెళ్ళింది కాబట్టి కొత్త నిఘంటువు కావలసి వచ్చింది. 2010లో చనిపోయారు.

చావబోయే ముందు హంస పాడుతుందన్న మాట మీద ఆయన 1977లో ఒక వ్యాసం రాశారు. యూరప్ హంసల్లో ఒకటి దాదాపు మూగది. రెండోదానికి శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి వెళ్ళి మెలికలు తిరిగి వస్తుంది. చనిపోతున్నప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి ఆ మెలికల గుండా బయటికి వస్తే ఏడుపు లాంటి స్వరం వినిపిస్తుంది. అంటే కథకు కింద ఒక ఎముక ఉంది. మన పత్రికల్లో ఆఖరి రచనను ‘హంసగీతి’ అంటారు చూడండి, అది ఈ గ్రీకు హంస. మన హంసకు పాట రాదు, పాలూ నీళ్ళూ వేరుచేయడం వరకే దాని పని.

జవాబు: తెనాలి తెలుగు టీచర్

మాస్టారూ, లీడ్స్ వారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. చకోరం జవాబు ఈ రోజే తరగతిలో చెప్పాను. ఆ పిల్లవాడు కాసేపు ఆలోచించి, "అయితే చూడకుండా రాయడం తప్పు కాదా టీచర్?" అన్నాడు. పరీక్షలో తను చూడని తాజ్‌మహల్ మీద వ్యాసం రాస్తే తనకు మార్కులు తగ్గించానట.

నాకూ అదే సందేహం ఉంది. మన కవులు నిజంగా పిట్టల్ని చూసేవారా, లేక ఒకరి పద్యం చూసి ఒకరు రాసేవారా? మాస్టారు ఆ నక్షత్రాల ఆరోపణకు కూడా జవాబు చెప్పాలి.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

లీడ్స్ వారు నన్ను పట్టుకున్నారు. నిజమే, దాటేశాను. ఇష్టమైన మనిషి లోపం చెప్పాలంటే నోరు రాదు. లకుముకి విషయంలో నేను థాంప్సన్‌తో మనసులో చాలాసార్లు పోట్లాడాను. మా ఊళ్ళో ఏ పిల్లవాడైనా చెబుతాడు, లకుముకి గోదావరి గట్టు మట్టిలో బొరియ తవ్వి గుడ్లు పెడుతుందని. చేయి పెట్టి చేపముళ్ళ కంపు వాసన చూసిన వాళ్ళం మేము. దాన్ని తీసుకెళ్ళి కృత్తికల్లో కూర్చోబెట్టడం పెద్ద చదువు చదివినవాళ్ళు మాత్రమే చేయగల తప్పు.

అయినా ఆయన తరఫున ఒక మాట. నాలుగు గోడల మధ్య కూర్చుని రాసే మనిషి కాదు ఆయన. ఆ నిఘంటువు వచ్చిన మరుసటి ఏడు, 1896లోనూ, మళ్ళీ 1897లోనూ, ఉన్ని సీళ్ళ వేట మీద అమెరికాతో తగవు వస్తే బ్రిటిష్ ప్రభుత్వం పంపగా బేరింగ్ సముద్రం దాకా వెళ్ళి దీవుల మీద సీళ్ళను చూసి వచ్చాడు. 1910లో అరిస్టాటిల్ ‘జంతువుల చరిత్ర’ అనువాదం తెచ్చినప్పుడు ఆయన పట్టుకున్న సంగతి ఇంకా గొప్పది. ఆ గ్రంథంలో ఊళ్ళ పేర్లు, అఖాతాల పేర్లు వస్తాయి. వాటిని వరుసగా చూస్తూ పోతే చాలా వాటికి మూలం ఏథెన్స్ కాదు, లెస్బాస్ దీవి, అందులోని పిర్రా దగ్గరి ఉప్పునీటి అఖాతం. అంటే అరిస్టాటిల్ జంతువుల పని ముసలితనంలో చేసిన కాలక్షేపం కాదు. నడివయసులో, ఏథెన్స్‌లో లేని ఏళ్ళలో, ఆ దీవి ఒడ్డున జాలరుల పక్కన నిలబడి చేశాడు. భాషాపండితులకు తత్త్వం కనిపించిన పుటల్లో ఈయనకు రేవు కనిపించింది. ఇలాంటివాడికి నక్షత్రాల విషయంలో నేను రెండు మార్కులే తగ్గిస్తాను.

ఇక మీ ప్రశ్న. రెండు రకాల కవులూ ఉన్నారు. ఒకే కవిలో రెండూ ఉంటాయి. చూసి రాసిన దానికి నా దగ్గర ఒక గట్టి సాక్ష్యం ఉంది. ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు వర్ణనలో బాతుల పద్యం మీకు తెలిసే ఉంటుంది. వరిమళ్ళ కాలువల్లో బాతులు తలను రెక్కల్లో దూర్చుకుని తెల్లవారుజామున నిద్రపోతున్నాయి. కావలివాళ్ళకు అవి, స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన పంచెల ముద్దల్లా కనిపించాయి. వాళ్ళ ఇళ్ళకు చేరుద్దామని రేవులోకి దిగితే పంచెలు పారిపోయాయి. వరిచేలు కాసే పడుచులు నవ్వారు. అమ్మా, బాతు తల వెనక్కు తిప్పి వీపు ఈకల్లో పెట్టుకుంటేనే ఆ ముద్ద ఆకారం వస్తుంది. ఎవరి పద్యం చూసీ అది రాయలేరు. గట్టు మీద నిలబడాలి.

వాల్మీకి క్రౌంచం కూడా అంతే. ఆ చోట మూలంలో ‘తామ్రశీర్షేణ’ అన్న మాట ఉంది. రాగి రంగు తల. కొంగల జాతుల్లో వెతికితే, ఎర్రని తల ఉండి, జంటగా తిరిగి, ఒకటి పోతే రెండోది అల్లాడిపోయే పెద్ద పక్షి సారసం. పరిశోధకులు కొందరు క్రౌంచమంటే అదేనని తేల్చడానికి ఆ ఒక్క మాట చాలా సాయం చేసింది. అనువాదాల్లో ‘క్రౌంచ పక్షి’ అని రాసి ఆ రాగి తలను వదిలేసిన వాళ్ళ మీద నాకు కోపం.

టిట్టిభం కథ ఇంకొకటి. పంచతంత్రంలో సముద్రపు ఒడ్డున గుడ్లు పెడుతుంది, అలలు ఎత్తుకుపోతాయి. మన తీతువు అదే కదా. అది నిజంగానే గూడు కట్టదు, ఖాళీ నేల మీద నాలుగు రాళ్ళ మధ్య గుడ్లు పెట్టేస్తుంది. కథ చెప్పినవాడికి ఆ సంగతి తెలుసు.

కోకిల గుడ్డును కాకి పొదుగుతుందని సంస్కృతంలో ‘పరభృతం’ అన్న పేరే చెబుతుంది. అరిస్టాటిల్‌కూ కోకిల వేరే పిట్ట గూట్లో గుడ్డు పెడుతుందని తెలుసు. ఆయన కాలంలో మరో నమ్మకం ఉండేది, డేగే కోకిలగా మారిపోతుందని. ఆయన ఒప్పుకోలేదు. గోళ్ళు చూడండి, తల చూడండి, డేగవి కావు అన్నాడు. ఇరవై మూడు వందల ఏళ్ళ క్రితం! నేను బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో గోళ్ళు చూడమంటే ఫోను చూసేవాళ్ళు.

మన దగ్గర ఎవరు చేశారని అడిగారు. కె.ఎన్. దవే అనే ఆయన సంస్కృత సాహిత్యంలోని పక్షుల మీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం రాశారు, 1985లో వచ్చింది. ‘బర్డ్స్ ఇన్ సంస్క్రిట్ లిటరేచర్’ అని అడిగితే పెద్ద గ్రంథాలయాల్లో దొరకవచ్చు. వేదాల నుంచి కావ్యాల దాకా పేర్లు పట్టుకుని ఏది ఏ పిట్టో పోల్చుకుంటూ వెళ్ళారు. తెలుగు కావ్యాల పిట్టలకు అంత పుస్తకం నా కంటపడలేదు. జక్కవ, బెగ్గురు, కొక్కెర, పాల పిట్ట, పూరేడు, ఇవన్నీ ఎవరో కూర్చోవాలని ఎదురుచూస్తున్నాయి.

థాంప్సన్ ముచ్చట ఒకటి చెప్పి ఆపుతాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో, 1936లో, ఆ నిఘంటువును సవరించి మళ్ళీ వేశాడు. ఎనభై రెండేళ్ళకు ‘ఆన్ గ్రోత్ అండ్ ఫామ్’ కొత్త కూర్పు, 793 పుటలది 1116 అయింది. ఎనభై ఏడేళ్ళకు గ్రీకు చేపల నిఘంటువు. సెయింట్ ఆండ్రూస్ వీధుల్లో తెల్లగడ్డంతో, భుజం మీద చిలకతో నడిచేవాడట. 1947 జనవరిలో, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఢిల్లీలో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌కు రాయల్ సొసైటీ తరఫున వచ్చాడు. దానికి అధ్యక్షుడు నెహ్రూ. తిరిగి వెళ్ళాక ఆరోగ్యం కుదుటపడలేదు. 1948 జూన్ 21న పోయాడు. చకోరం ఉండే కొండలు ఢిల్లీకి ఒక రాత్రి ప్రయాణం. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కాస్త బాధ.

‘ఆన్ గ్రోత్ అండ్ ఫామ్’లో రాబందు రెక్క ఎముక బొమ్మ ఒకటుంది. లోపల బోలుగా ఉండి, వాలుగా సన్నని కడ్డీలు త్రిభుజాలుగా అల్లుకుని ఉంటాయి. వంతెనలకు వాడే ఇలాంటి కడ్డీల అల్లికను ఇంజనీర్లు వారెన్ ట్రస్ అంటారని ఆయన చూపించాడు. మాకు రాబందు ఎక్కడిది? కోడిమాంసం కొట్టు నుంచి రెక్క ఎముకలు తెచ్చి, కడిగి ఎండబెట్టి, నిలువునా కోసి పిల్లలకిచ్చేవాణ్ణి. చివరల్లో కడ్డీలు కనిపిస్తాయి. చూశాక తరగతి మొత్తాన్ని గోదావరి రైలు వంతెన కిందికి నడిపించి తల ఎత్తమనేవాణ్ణి. ఏటా ఒక్కరైనా "అవే సార్!" అనేవారు. ఆ కేక కోసమే ఎముకలు కోసేవాణ్ణి.

జవాబు: సీమ పిట్టలు (కడప)

పెద్దవాళ్ళ మధ్య ఒక చిన్న మాట. తెలుగు పిట్టల పేర్లు పోగేసినవాడు ఒకడు ఉన్నాడు, కాకపోతే అతను కవుల దగ్గరికి వెళ్ళలేదు, వేటగాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు, 1840లలో నెల్లూరులో ఉన్నాడు. 1862 నుంచి 1864 మధ్య వచ్చిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో చాలా పిట్టలకు ఇంగ్లీషు పేరు కింద తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు చెవికి వినిపించినట్టు రాశాడు కాబట్టి వాటిని మళ్ళీ తెలుగులోకి విప్పడం ఒక ఆట.

మా జిల్లాకు అతనితో ఇంకో బంధం ఉంది. 1848లో అతని ద్వారా లోకానికి తెలిసిన ఒక పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. పుస్తకాల్లో అంతరించిందనే రాసుకున్నారు. 1986లో మా లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రుళ్ళు తిరుగుతుంది, పగలు కలివి పొదల మధ్య ఉంటుంది. మా వాళ్ళు దాన్ని ‘కలివి కోడి’ అంటారు. పండితులు లేదన్న పిట్టకు ఊళ్ళో పేరు మాత్రం బతికే ఉంది.

టీచర్ గారూ, పిల్లల చేత వాళ్ళ తాతల్ని అడిగించి పిట్టల పేర్లు రాయించండి. మా ఊళ్ళో అడిగితే నాకు ఇరవై ఏడు వచ్చాయి, వాటిలో నాలుగు ఏ పిట్టవో నాకు ఇప్పటికీ తెలియదు.

జవాబు: తెనాలి తెలుగు టీచర్

కడప వారూ, ఆ పని ఈ రోజు మొదలైంది. పదకొండు పేర్లు వచ్చాయి. ఒకమ్మాయి నాయనమ్మ ఒక పిట్టను ‘ఊరికే అరిచే పిట్ట’ అందట. నోట్‌బుక్‌లో అలాగే రాయమన్నాను. దాని ఎదురుగా ఎప్పుడు అరుస్తుంది, ఎక్కడ కూర్చుని అరుస్తుంది అని రెండు గడులు గీయించాను.

తాజ్‌మహల్ వ్యాసానికి తగ్గించిన మార్కులు తిరిగి ఇచ్చేశాను. చకోరానికి ఒక న్యాయం, తాజ్‌మహల్‌కు ఒక న్యాయమా అని పంచాయితీ పెట్టారు. మాస్టారూ, వచ్చే పాఠంలో జక్కవలున్నాయి. ముందే చెప్పేయండి.

జవాబు: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

జక్కవ అంటే చక్రవాకం. ఇటుక రంగు ఒళ్ళు, లేత తల, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతు. జంటలుగా కనిపిస్తుంది. డిసెంబరులో మా లంకల ఇసుక తిన్నెల మీద పొద్దున్నే చూశాను. రాత్రయితే ఆడా మగా విడిపోయి చెరో గట్టు నుంచి పిలుచుకుంటాయన్నది కవుల మాట. నేను పరీక్షించలేదు, రాత్రి వేళ ఏటి గట్టుకు మా ఆవిడ పోనివ్వదు.

పిల్లల్ని ఒక శనివారం తీసుకురండి. తెల్లవారకముందే రావాలి, ఎండ ఎక్కితే తిన్నె ఖాళీ. నా దగ్గర బైనాక్యులర్లు రెండున్నాయి. ఒకదానికి ఎడమవైపు అద్దం పనిచేయదు, అది నేను వాడుకుంటాను.